మోటారు లాగే ముందు కరెంటు దారి చూడండి

బోరు నీళ్లు సన్నబడగానే మన ఊళ్లలో వినిపించే మాటలు రెండే. ఒకటి, భూమిలో నీళ్లు అయిపోయాయని. రెండోది, మోటారు పోయిందని. వెంటనే పైపులు లాగే మనుషుల్ని పిలవడం, మోటారు పైకి తీయడం, వైండింగు షాపులో పడేయడం. ఈలోపు పొట్ట దశలో ఉన్న వరి నెర్రెలు బారుతుంది. తీరా మోటారు దించి స్టార్టరు నొక్కితే నీళ్లు మళ్లీ అంతే సన్నగా వస్తాయి. చాలాసార్లు తప్పు మోటారులో ఉండదు. మోటారు దాకా కరెంటు వచ్చే దారిలో ఉంటుంది.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది కానీ వైండింగు ఉచితం కాలేదు. పైపులు లాగే కూలి ఉచితం కాలేదు. రెండెకరాల రైతుకు ఒక పంటలో రెండుసార్లు మోటారు కాలితే మిగులు అనేది ఉండదు. అందుకే ఒక్క మాట గట్టిగా చెప్పదలచాను. స్టార్టరు దగ్గర వోల్టేజి, ఆంపియర్లు చూడకుండా మోటారు పైకి లాగనివ్వకండి.

మూడు ఫేజుల మోటారుకు ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టులు రావాలి. నూటికి 6 వంతుల తేడా వరకు నిబంధనలు ఒప్పుకుంటాయి. అంటే 390కి తగ్గకూడదు. వోల్టేజి నూటికి పది తగ్గితే మోటారు తిప్పే బలం నూటికి పంతొమ్మిది వంతులు తగ్గుతుంది. బలం తగ్గిన మోటారు ఊరికే ఉండదు, ఆ లోటు పూడ్చుకోవడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. వైండింగు వేడెక్కుతుంది. అలా కొన్నాళ్లు నడిస్తే కాలిపోతుంది.

ఎలా చూడాలి?

మోటారు ఆపి ఉన్నప్పుడు వోల్టేజి చూసి బాగానే ఉందనుకోవద్దు. బరువు వేస్తేనే బండి ఇరుసు సంగతి తెలుస్తుంది. మోటారు నడుస్తుండగా చూడాలి. ఈ పని తెలిసిన మెకానిక్ చేతనే చేయించండి.

నడిపినప్పుడు మూడు ఫేజులూ సమానంగా 350కి పడిపోతే తీగ సన్నదైనా కావాలి, ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు ఎక్కువైనా కావాలి. అదే సమయంలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎంత ఉందో లైన్‌మన్‌ను చూడమనండి. అక్కడ బాగుండి మీ దగ్గర తగ్గితే లోపం మధ్య తీగలో ఉన్నట్టు. అక్కడే తక్కువుంటే మోటారు ఎన్నిసార్లు బాగుచేయించినా ఫలితం ఉండదు.

ఒక్క ఫేజులోనే తగ్గితే ఫ్యూజు, జంపరు, అతుకులు చూడాలి. స్టార్టరుకు వచ్చే వైపు మూడు ఫేజులూ బాగుండి, మోటారుకు పోయే వైపు ఒకటి తగ్గితే స్టార్టరు లోపలి కాంటాక్టులు కాలాయన్నమాట. అల్యూమినియం తీగను రాగి తీగకు ఊరికే మెలేసి టేపు చుట్టిన అతుకు కూడా తొందరగా పాడవుతుంది. కరెంటు తీసేసి చూస్తే ఆ చోట ప్లాస్టిక్ కరిగో, తీగ నల్లబడో కనిపిస్తుంది. మోటారు గుర్రుమంటూ తిరగకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఆపండి. ఒక ఫేజు పోయిందని అర్థం. ఒంటి ఫేజు మీద నడిచే చిన్న మోటారైతే ముందు దాని కెపాసిటర్ మార్చి చూడండి.

లైను బాగుచేసి వెళ్లిన రోజు నుంచే నీళ్లు తగ్గాయా? ఫేజులు తారుమారై మోటారు వెనక్కి తిరుగుతుండవచ్చు. మూడు తీగల్లో ఏ రెండింటినైనా మార్చి కలిపిస్తే సరిపోతుంది.

వోల్టేజి బాగుండి ఆంపియర్లు ప్లేటు మీద రాసినదానికన్నా ఎక్కువ చూపిస్తే అప్పుడు మోటారునో పంపునో అనుమానించాలి. ఇసుక పట్టి ఉండవచ్చు, బేరింగు అరిగి ఉండవచ్చు. వోల్టేజి బాగుండి ఆంపియర్లు తక్కువ చూపిస్తూ నీళ్లు తగ్గితే కరెంటు తప్పు లేదు. బోరులో నీటి మట్టం దిగి ఉండాలి, లేదా పైపుకు చిల్లి పడి ఉండాలి, లేదా పంపు లోపలి చక్రాలు అరిగి ఉండాలి. మోటారు పైకి లాగాల్సిన సందర్భాలు ఇవీ.

రిలే మాటిమాటికీ కొడుతోందని దాని సెట్టింగు పెంచేసేవాళ్లు, ఏకంగా తీగ కలిపేసేవాళ్లు ఉన్నారు. కుక్క మొరుగుతోందని దాన్ని తరిమేసి దొంగకు తలుపు తీసినట్టే అది. రిలేను ప్లేటు మీదున్న ఆంపియర్ల దగ్గరే ఉంచండి.

ఒక్కరితో అయ్యే పని కాదు

అసలు చిక్కు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉంది. 5 హెచ్.పి. సబ్‌మెర్సిబుల్ మోటారు ఒకటి సుమారు 6 కేవీఏ లాగుతుంది. ఆ లెక్కన 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పది మోటార్లు మోయగలదు. 25 కేవీఏది నాలుగు మోస్తుంది. ప్లేటు మీద 5 ఉండి లోపల 7.5 నడుస్తుంటే, అనుమతి లేని మోటార్లు మరో మూడు తగిలిస్తే ఆ బరువు ఎవరి మీద పడుతుంది? లైను చివర ఉన్న చిన్న రైతు మీద. మొదట్లో ఉన్నవాళ్లకు 400 వస్తుంటే చివరి వాళ్లకు 340 వస్తుంది. మోటారు కాలేది వాళ్లదే.

ఆటో స్టార్టర్ల సంగతీ ఇంతే. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. కరెంటు రాగానే పది మోటార్లూ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కు అది యాభై మోటార్ల బరువు. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు వీటిని తీసేయమని ప్రభుత్వమే కోరింది. అర్ధరాత్రి కరెంటు ఇస్తే చీకట్లో పాములూ తేళ్ల మధ్య ఎవరు పోతారని రైతు అడిగితే అందులో న్యాయముంది. వేళకాని వేళ కరెంటు ఇచ్చినంతకాలం ఆటోలు పెట్టినందుకు రైతునొక్కణ్నే తప్పుపట్టలేం. తీయడం కుదరకపోతే కనీసం ఒకరిది రెండు నిమిషాలకు, ఇంకొకరిది నాలుగు నిమిషాలకు లేచేలా టైమరు పెట్టించుకోండి.

కెపాసిటర్ మాట కూడా చెప్పాలి. 3 హెచ్.పి.కి 1 కేవీఏఆర్, 5 హెచ్.పి.కి 2 కేవీఏఆర్ పెడితే లైను మీద కరెంటు సుమారు ఆరో వంతు తగ్గుతుంది. ఒక్కరే పెడితే తేడా తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవాళ్లంతా పెడితే చివరి పొలంలో వోల్టేజి పెరుగుతుంది. చెరువు కాలువ పూడిక తీయడానికి ఆయకట్టుదారులంతా కదిలినట్టే దీనికీ కదలాలి.

ఇంత చేసినా వోల్టేజి రాకపోతే ఊరుకోవద్దు. అందరూ సంతకాలు పెట్టి ఏఈకి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. 1912 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణాల్లోనే ఉంది. అది దయ కాదు, బాధ్యత.

ఎంత ఆలస్యమైనా మీరు మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కి ఫ్యూజు వేయొద్దు. ఆ పని లైన్‌మన్‌ది. ఎండిన పైరు వచ్చే కారుకు మళ్లీ వేసుకోవచ్చు, పోయిన మనిషిని ఎక్కడి నుంచి తెస్తాం?

ఇప్పుడు మీ మోటారు బాగా నడుస్తుంటే ఈ వారంలోనే ఒక పని చేయండి. నడుస్తుండగా మూడు ఫేజుల వోల్టేజి, ఆంపియర్లు చూపించి, తేదీతో సహా స్టార్టరు పెట్టె మూత లోపల రాయించండి. రేపు నీళ్లు తగ్గిన రోజున పోల్చి చూసుకోవడానికి ఆ అంకెలే అక్కరకొస్తాయి.