ఒక్క తీర్పు, వెయ్యి వాయిదాలు

మ్యాన్‌హోల్‌లో దిగి చచ్చిపోయినోళ్లని 1993 నుంచీ గుర్తించి, కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న చెప్పింది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం ఆ మాట ప్రతి కోర్టుకీ కట్టుబాటు. 144 ప్రకారం అధికారులు దాని అమలుకు తోడ్పడి తీరాలి. మరి మొగుడు పోయిన ఆడమనిషి విడిగా వకీలును పెట్టుకుని తేలిపోయిన సంగతినే మళ్లీ వాదించుకోవాలా? బళ్లో పిల్లోడితో కూడా చేసిన లెక్క ఇన్నిసార్లు చేయించం!

బ్రెజిల్ 2015 సివిల్ ప్రొసీజర్ కోడ్ చూడండి. ఒకే రకం దావాల మీద పై కోర్టు ఒకసారి తేలిస్తే, ఆ రాష్ట్రంలో చిన్న దావాల కోర్టుల్లో నలుగుతున్న కేసులకీ, రేపు వేసేవాటికీ అదే వర్తిస్తుంది. (అక్కడా దానిమీద వాదులాట ఉందిలెండి.) మనకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఉన్న తీర్పు మీద సర్కారు సంతకం పడితే చాలు. మీ జిల్లాలో ఆ ఫైలు ఎవరి బల్ల మీద పడుకుందో అడగండి, జవాబు మాకు రాయండి.