మూడు లాంతర్ల ఫొటో

మా నాన్నగారికి ఒక ఆగ్ఫా క్లిక్ త్రీ కెమేరా ఉండేది. ఫిల్ము చుట్ట ఒకటి వేస్తే పన్నెండు ఫొటోలు. పదమూడోది కావాలంటే మళ్ళీ డబ్బు పెట్టి చుట్ట కొనవలసిందే. నెల్లిమర్ల జూటుమిల్లులో గుమాస్తా జీతానికి అదేమీ చిన్న ఖర్చు కాదు. అందుచేత మా ఇంట్లో ఫొటో తియ్యడమంటే పెళ్ళికి ముహూర్తం పెట్టినంత తతంగం జరిగేది. ఎండ చూసుకోవాలి, మబ్బు చూసుకోవాలి, అమ్మ చీర మార్చుకుని వచ్చేదాకా ఆగాలి. ఇంతా చేసి, తీరా కడిగించి తెస్తే సగం ఫొటోల్లో ఎవరో ఒకరికి తల ఉండేది కాదు. అందులో నాన్నగారి తప్పేమీ లేదు. ఆ కెమేరాలో మనం కన్ను పెట్టి చూసే కిటికీ ఒకచోట, బొమ్మను పట్టే అద్దం మరొకచోట. మనిషి దగ్గరగా నిలబడితే కన్ను చూసింది ఒకటి, ఫిల్ము చూసింది ఒకటి. "తలలు తీసే కెమేరా" అని మా అమ్మ దానికి పేరు పెట్టింది.

కెమేరా నాదాకా రాలేదు గాని, పిచ్చి మాత్రం వచ్చింది. కాలేజీలో ప్రబంధాల పురవర్ణనలు పాఠం చెప్పడం, సెలవు దొరికితే చాలు కెమేరా సంచీ భుజాన వేసుకుని ఏదో ఒక పాత కట్టడం ముందు తేలడం, ఇదీ ఇరవై ఏళ్ళుగా నా వరస. శ్రీముఖలింగం మూడుసార్లు వెళ్ళాను. భీమునిపట్నంలో డచ్చివారి సమాధుల మధ్య ఎండలో తిరిగి జ్వరం తెచ్చుకున్నాను. హంపీ, లేపాక్షి, ఓరుగల్లు కోట సరేసరి. "తెలుగు మాష్టారికి ఈ రాళ్ళతో ఏం పనండీ?" అని తోటి లెక్చరర్లు అడుగుతూంటారు. పురవర్ణన చెప్పేవాడు పురం చూడకపోతే ఎలాగని నా జవాబు. మా ఆవిడ దగ్గర మాత్రం ఈ జవాబు చెల్లదు.

కట్టడాలను ఫొటో తియ్యడంలో కొన్ని కిటుకులున్నాయి. ఎత్తయిన గోపురాన్ని దగ్గరనుంచి కెమేరా పైకెత్తి తీస్తే అది వెనక్కి పడబోతున్నట్టు వస్తుంది. వెనక్కి, ఇంకా వెనక్కి నడవాలి. విజయనగరం గంటస్తంభాన్ని నిటారుగా నిలబెట్టడానికి నేనలా వెనక్కి నడిచి నడిచి ఒక అరటిపళ్ళ బండికి తగులుకున్నాను. శిల్పాలకు మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు. పొద్దున్నో సాయంత్రమో వెలుగు ఏటవాలుగా పడితేనే చెక్కడపు లోతు తెలుస్తుంది. ఇవన్నీ పుస్తకాలు చూసి నేర్చుకోవచ్చు.

నేను పుస్తకాల్లో నేర్చుకోనిది ఒకటుంది. అది శ్రీముఖలింగంలో మొదలైంది. మధుకేశ్వరాలయంలో ఒక ద్వారం దగ్గర ఆ ఏటవాలు వెలుగు కోసం కాచుకుని కూర్చున్నాను. వెలుగు రానే వచ్చింది గాని, సరిగ్గా గడప పక్కన ఒక ముసలమ్మ ఒళ్ళో పూలు పోసుకుని దండ కట్టుకుంటోంది. ఫొటోలో మనిషి పడితే కట్టడం ప్రాచీనత పాడవుతుందని అప్పట్లో నా సిద్ధాంతం. ఆమె లేచేదాకా ఆగుదామనుకున్నాను. దండ బారెడయింది, రెండు బారలయింది. ఆమె నన్ను చూస్తూనే ఉంది. చివరికి నవ్వి, "ఏటి బాబూ, నాను లెగిస్తే గాని గుడి అందంగా అవుపడదేటి?" అంది. నాకు సిగ్గేసింది. అయినా ఆమె లేచాకనే తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. ద్వారం చక్కగానే వచ్చింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ అందులో లేని ముసలమ్మే.

సరే, అసలు సంగతికి వస్తాను.

విజయనగరం తెలిసినవారికి మూడు లాంతర్లను గురించి చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం రెండు మాటలు. 1713లో కట్టిన కోటకు కాస్త దూరంలో, పైడితల్లి అమ్మవారి చదురుగుడి దగ్గర, దారులు కలిసే చోట 1869లో ఒక దీపస్తంభం నిలబెట్టారు. బాటసారులకు దారి కనబడడానికి మూడు లాంతర్లు. కరెంటు వచ్చి, లాంతర్ల అవసరం తీరిపోయినా ఆ చోటు పేరు మాత్రం మూడు లాంతర్లే. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం నాడు సిరిమాను కదిలేది అక్కడినుంచే. గుడినుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆనాడు అక్కడ ఇసుక వేస్తే రాలదు. మిగిలిన రోజుల్లో రిక్షాలు, ఆటోలు, పూలకొట్లు, "మూడు లాంతర్ల దగ్గర దిగుతాం" అనే ప్రయాణికులు. నేను కాలేజీకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని పక్కనుంచే పోయేవాణ్ణి.

2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, దాన్ని పడగొట్టారు. పొద్దున్నే కాఫీ తాగుతూ పేపర్లో చూశాను. ఊళ్ళో పెద్దలు చాలామంది బాధపడ్డారు. నేనూ బాధపడ్డాను. నా బాధలో కొంచెం దర్జా కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పాత కట్టడాల విలువ తెలిసినవాణ్ణి కదా!

కాలేజీలు తెరిచాక బి.ఏ. చదివే ఒక అమ్మాయి స్టాఫ్‌రూముకు వచ్చింది. ఊళ్ళో వీథుల పేర్ల మీద వ్యాసం రాస్తోందట. "మాష్టారూ, మీరు అన్ని ఊళ్ళూ తిరిగి ఫొటోలు తీస్తారు కదండీ, మూడు లాంతర్లది ఒకటి ఇస్తారా?" అని అడిగింది. "దానికేం, రేపు తెస్తాను" అన్నాను.

ఆ రాత్రి ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ దింపాను. కంప్యూటర్లో ఉన్నవన్నీ తిరగేశాను. హంపీ రాతిరథం పదిహేడు ఫొటోలుంది. లేపాక్షి బసవన్న ముందునుంచి, వెనకనుంచి, పక్కనుంచి ఉన్నాడు. మా ఊరి పక్క సారిపల్లిలో గాంగుల నాటి దిబ్బేశ్వరాలయం ఉంది. మూడు లాంతర్లు లేవు. ఒక్కటీ లేదు. ఇరవై ఏళ్ళు రోజుకు రెండుసార్లు పక్కనుంచి పోయాను; ఒక్కసారి కెమేరా బయటికి తియ్యలేదు. ఎందుకు తియ్యలేదని నన్ను నేను అడుగుతే దొరికిన జవాబు ఒకటే. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా అని.

రాత్రి పన్నెండయింది. మా ఆవిడ లేచి వచ్చి సంగతి కనుక్కుని, "మామయ్యగారి ఆల్బమ్ చూశారా?" అంది. నవ్వొచ్చింది నాకు. నాన్నగారు కట్టడాలు తీసే మనిషి కాదు. ఆయన తీసినవన్నీ పెళ్ళిళ్ళు, బారసాలలు, తలలేని బంధువులు.

ఆల్బమ్ చివరి అట్టకు, పాడైపోయిన ఫొటోలు పెట్టుకునే చోట, అది దొరికింది. వెనక నాన్నగారి ముత్యాలకోవలాంటి అక్షరాలు: "సిరిమాను, 1984." ముందు మా అత్తయ్య. ఆమె చంకలో మూడేళ్ళ నేను, ఏడుపు మొహంతో. అత్తయ్యకు ముక్కు పైన ఏమీ లేదు, కెమేరా తన పని తాను చేసింది. ఆమె భుజానికి వెనక బుడగలవాడు. అతని వెనక జనం. ఆ జనం మీదుగా రెండు లాంతర్లు స్పష్టంగా ఉన్నాయి. మూడోది బుడగల చాటున ఉంది.

మర్నాడు ఆ అమ్మాయికి ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసి, "ఇంత జనమా మాష్టారూ?" అంది. లాంతర్ల మాట తర్వాత అడిగింది.

అప్పటినుంచి రెండు పాత ఫొటోలు నా మనసులో మెదులుతున్నాయి. ఒకటి 1838లో పారిస్‌లో దగ్యేర్ అనే ఆయన ఒక పెద్ద వీథిని తీసినది. ఆ రోజుల్లో ఒక బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి పట్టేది. ఆ వీథిలో అప్పుడు బళ్ళు పోతున్నాయి, జనం నడుస్తున్నారు. కదిలిన వారెవరూ బొమ్మలో పడలేదు. మేడలన్నీ పడ్డాయి. వీథి మాత్రం బోసిపోయింది. మూలన ఒక్క మనిషి బూటు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు. అతనూ, అతని కాళ్ళ దగ్గర పనివాడూ మిగిలారు. ఫొటోలో పడిన మొట్టమొదటి మనుషులు వాళ్ళేనంటారు. పేర్లు ఎవరికీ తెలియవు. ఆ ఊళ్ళోనే తర్వాత అట్జే అనే ఆయన, నాటకాల్లో రాణించక కెమేరా పట్టి, 1927లో పోయేదాకా సుమారు ముప్ఫై ఏళ్ళు పాత వీథులనూ, దుకాణాలనూ, చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్ళనూ తీస్తూ తిరిగాడు. ఆయన దూరదేశాలు తిరిగి తీసినది కాదు, తానున్న ఊరే.

రెండో ఫొటో ఒక్కటని చెప్పలేను, ఒక కోవకు చెందినది. మా నెల్లిమర్ల పక్కనే రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద బౌద్ధుల కట్టడాలను పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రీ తవ్వించాడు. ఆ సంగతులు ఆ శాఖవారి 1910-11 వార్షిక నివేదికలో అచ్చయినాయి. ఆ కాలపు పురావస్తు ఫొటోల్లో గోడ పక్కన తరచు ఒక కూలిమనిషిని నిలబెట్టేవారు. గోడ ఎంత ఎత్తో తెలియడానికి. అంటే మనిషి కొలబద్ద అన్నమాట! శ్రీముఖలింగంలో ముసలమ్మను లేవమన్న నాకంటే వాళ్ళు నయం. కొలతకైనా ఉంచారు.

ఇప్పుడు అందరి చేతిలోనూ ఫోనుంది, పన్నెండు ఫొటోల లెక్క లేదు, కాబట్టి ఇకమీదట ఏదీ తప్పిపోదని కొందరు అంటారు. నాకు నమ్మకం లేదు. మన ఫోన్లు చూడండి. అరకులోయ ఉంటుంది, అన్నవరం ఉంటుంది, మన మొహం వందసార్లు ఉంటుంది. మీ వీథి మొగ ఉందా? మీరు రోజూ కూరలు కొనే బజారు ఉందా?

అందుకని ఈమధ్య నేను ఆదివారాలు దూరం వెళ్ళడం తగ్గించాను. మా ఊళ్ళోనే తిరుగుతున్నాను. చంపావతి వంతెన, గోగునార కట్టలు వేసుకుపోయే బళ్ళు, మిల్లు షిఫ్టు వదిలినప్పుడు సైకిళ్ళ మీద వచ్చే జనం. అడగకుండా ఎవరినీ తియ్యను. తీసినవాళ్ళకు ఒక ప్రతి అచ్చు వేయించి ఇస్తాను. ఇది నాన్నగారి దగ్గర నేర్చుకున్నదే. తల లేకపోయినా సరే, ఫొటో ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చేవారాయన.

పోయిన నెల మిల్లు దారిలో టీకొట్టు నడిపే ఒకాయనను అడిగాను. పాత పెంకుల కొట్టు, నా చిన్నప్పటినుంచీ ఉంది. రోడ్డు వెడల్పు చేస్తే అదీ పోతుందని చెప్పుకుంటున్నారు. ఆయన గెడ్డం తడుముకుని, "ఇలగ కాదు బాబూ, రేపు గీసుకొస్తాను, అప్పుడు తియ్యండి" అన్నాడు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని నిలబడ్డాడు. మనుషులను వదిలేసిన పాపం కడుక్కుంటున్నవాణ్ణి కదా, దగ్గరికంటా వెళ్ళి మొహం నిండుగా వచ్చేట్టు తీశాను. కళ్ళకింద ముడతలు, పొగకు ఎర్రబారిన కళ్ళు, అన్నీ చక్కగా వచ్చాయి. పెద్దదిగా అచ్చు వేయించి పట్టుకెళ్ళాను.

ఆయన చేతులు తుండుగుడ్డకు తుడుచుకుని అందుకున్నాడు. దగ్గరగా చూశాడు, చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశాడు. తిప్పి వెనక్కూడా చూశాడు.

"బాగుంది బాబూ. నానైతే ఉన్నాను గాని, కొట్టు పడలేదేటి?" అన్నాడు.

కెమేరా తీసుకుని, వెనక్కి, ఇంకా వెనక్కి నడిచాను.