ముందు పాత లెక్క తేల్చాలి

కోలార్ బంగారు గనుల పేరు మళ్లీ వినబడుతోంది. 2001 ఫిబ్రవరి 28న మూతబడిన ఆ గనుల చుట్టూ 13 మట్టి దిబ్బలు మిగిలాయి. వాటిలో ఇంకా ఉన్న బంగారాన్ని తీయాలన్న కేంద్ర ప్రభుత్వ ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దిబ్బలు పరుచుకున్న నేల సుమారు వెయ్యి ఎకరాలు. మట్టి 3 కోట్ల టన్నులకు పైమాటే. సరిహద్దుకు ఇవతల మన కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట కూడా భారత్ గోల్డ్ మైన్స్ కొన్నాళ్లు తవ్వి వదిలేసినదే. అక్కడి బ్లాకు 2018 వేలంలో ఎన్.ఎం.డి.సి.కి దక్కింది. ధర పెరిగినకొద్దీ నిన్న చెత్తగా పారబోసిన మట్టి ఇవాళ ఖనిజమవుతుంది.

బంగారానికి ఇలా రెండోసారి లెక్క కడుతున్నారు. మరి ఆ దిబ్బల నీడలో బతికిన ఆడవాళ్ల లెక్క ఒక్కసారైనా ఎవరైనా కట్టారా?

1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగు పెట్టినప్పటి నుంచి 120 ఏళ్లలో కోలార్ నుంచి 800 టన్నులకు పైగా బంగారం బయటికి వెళ్లింది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. ఆ లోతుకు దిగిన వారిలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుంచి వలస వచ్చిన దళితులు. 1930లో వేలిముద్రల నమోదుకు వ్యతిరేకంగా వాళ్లు మూడు వారాలు సమ్మె చేశారు. తనకు అవసరమైనప్పుడు కంపెనీ ప్రతి కూలీ వేలినీ లెక్క రాసుకోగలదన్న మాట! అదే కూలీ ఊపిరితిత్తుల్లోకి ఎంత రాతిపొడి వెళ్లిందో రాసుకోవడానికి మాత్రం అంత పట్టుదల ఎన్నడూ కనబడలేదు.

సిలికోసిస్ పని చేస్తుండగానే బయటపడే జబ్బు కాదు. పని మానేసిన ఏళ్ల తర్వాత కూడా ఆయాసంగా, దగ్గుగా మొదలవుతుంది. మందు లేదు. క్షయ సోకే ప్రమాదం ఎక్కువ. చట్టం దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. కాని నష్టపరిహారం కావాలంటే ఎక్స్‌రే కావాలి, గనిలో పనిచేసినట్టు కాగితం కావాలి, ఆ జబ్బు ఆ పనివల్లే వచ్చిందని డాక్టరు రాసివ్వాలి. కంపెనీ తలుపులు మూసేశాక, భర్త పోయాక, చదువురాని ఆడమనిషి ఈ కాగితాలన్నీ ఎక్కడినుంచి తెస్తుంది? మంచం పట్టిన మనిషికి రాత్రంతా వీపు రాస్తూ కూర్చోవడం, తెల్లారి కూలికి పోవడం, పిల్లల బడి మాన్పించాలా వద్దా అని తేల్చుకోవడం - ఇదంతా ఏ మస్టర్ రోల్‌లోనూ ఎక్కని చాకిరీ. గని మూతబడిన రోజున ఈ చాకిరీ ఆగలేదు.

పైగా దిబ్బల దుమ్ము. బంగారాన్ని వేరు చేయడానికి సైనైడు వాడారు కాబట్టి వాటికి సైనైడు దిబ్బలనే పేరు. గాలి లేచినప్పుడు ఆ సన్నని పొడి ఊళ్ల మీదికి వస్తుంది. మగవాడి రొమ్ములోకి గని లోపల పోయిన పొడే ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంటి గుమ్మంలో ఎదురవుతోంది. ఇప్పుడు ఆ దిబ్బలనే తిరగదోడతారట. తడపకుండా, కప్పకుండా తవ్వితే ఏమవుతుందో చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు.

అలాగని "గని వద్దు" అని ఒక్క మాటలో తేల్చేయడం మన వంతు కాదు. గని పోయాక ఆ ఊరివాళ్లు వేలాదిగా తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగివస్తున్నారు. ఊళ్లోనే పని దొరకాలని కోరే స్త్రీని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కాని ఆమెకు నిజం చెప్పాలి. దిబ్బల మట్టిని యంత్రాలతో తోడి కడిగే పనిలో ఉద్యోగాలు తక్కువ. పూర్వపు గని మళ్లీ వస్తుందని ఆశ పెట్టడం మోసం. 1952 గనుల చట్టం భూగర్భంలో స్త్రీల పనిని నిషేధించింది. 2019లో వచ్చిన సడలింపు సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగాలకే. ఆ చదువులు కూలి ఇళ్ల ఆడపిల్లలకు ఎన్నిళ్లలో అందాయి?

అందుకే మన డిమాండు ఒక్కటే: కొత్త తవ్వకానికి ముందు పాత లెక్క తేల్చాలి. అందులో ఇవి ఉండాలి.

1. మాజీ కార్మికులందరికీ, దిబ్బల పక్కన ఉంటున్న స్త్రీలకూ పిల్లలకూ ఉచితంగా ఊపిరితిత్తుల పరీక్షలు చేయాలి. కంపెనీ రికార్డులు బయటపెట్టాలి. రికార్డు లేదన్న సాకుతో వితంతువుల పరిహారం ఆపకూడదు.

2. పాత కంపెనీ ఇళ్లలో ఉంటున్న కుటుంబాలకు హక్కు పత్రాలివ్వాలి. అవి స్త్రీల పేరున ఉండాలి.

3. బహిరంగ విచారణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 2006 పర్యావరణ నోటిఫికేషన్ చెబుతోంది. ఆ నోటీసు, నివేదిక సారాంశం కోలార్‌లో కన్నడంతో పాటు తమిళం, తెలుగుల్లో కూడా ఉండాలి. కూలి పోగొట్టుకోకుండా స్త్రీలు వచ్చే వేళ పెట్టాలి.

4. 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. తాగునీరు, ఆరోగ్యం, స్త్రీ శిశు సంక్షేమం దాని ముఖ్య ఖర్చుల్లో ఉన్నాయి. ఆ డబ్బు రోడ్లకూ భవనాలకూ మళ్లకుండా చూసే కమిటీల్లో గని ఊళ్ల స్త్రీలు ఉండాలి.

ఈ పనులు ప్రభుత్వం తనంతట తాను చేయదు. కుప్పం, కోలార్ పరిసరాల్లో పనిచేస్తున్న సంఘాలు ముందుగా ఇంటింటికీ వెళ్లాలి. ఎవరు ఏ గనిలో ఎన్నేళ్లు పనిచేశారో, ఎప్పుడు దగ్గు మొదలైందో, ఎప్పుడు పోయారో భార్యలకు, తల్లులకు తెలుసు. వాళ్ల నోటి మాటను రాసి సంతకం పెట్టిస్తే అదే మన రికార్డు. విచారణ రోజున కలెక్టరు బల్ల మీద పెట్టాల్సింది ఆ కాగితాలే.

మట్టిలో టన్నుకు ఎన్ని గ్రాముల బంగారం మిగిలిందో కొలవగలిగిన వాళ్లకు, ఒక ఇంట్లో ఎంతమంది మిగిలారో లెక్కపెట్టడం కష్టం కాదు. లెక్కపెట్టేదాకా మనం ఊరుకోకూడదు.