పదీ ఒకటీ, నాలుగూ ఒకటీ

జట్టు ఓడిపోయిన మర్నాడు అభిమాని అనే ప్రాణి చేసే మొట్టమొదటి పని కోచ్‌ని ఉద్యోగంలోంచి తీసెయ్యడం. టీ కొట్టు దగ్గర ఆ పని ముగియడానికి అర గ్లాసు టీ కంటె యెక్కువ పట్టదు. మిగిలిన అర గ్లాసులో కొత్తవాణ్ణి వేసుకోవడం కూడా అయిపోతుంది. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. బంతిని కాలితో తన్నాలో, తలతో పొడవాలో తేల్చే అధికారం నాకు లేదు. అయితే తంబళ్లపల్లె బస్టాండు దగ్గర యీ వాదం కొన్నేళ్ళుగా వింటున్నాను గనక, వినీ వినీ విసిగినవాడికి కూడా రెండు ముక్కలు చెప్పుకునే హక్కు వుంటుందని నా నమ్మకం.

"మీ వైపు ఫుట్‌బాల్ యేమిటండీ?" అని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా సీమ అంటే టమోటా, వేరుశెనక్కాయ, శివరాత్రికి మల్లయ్యకొండ. బోరు యెన్ని అడుగులకు దిగితే తడి తగిలిందన్నదే మా లెక్కలన్నిటిలోకి పెద్ద లెక్క. ఆటలంటే కబడ్డీ, వాలీబాల్, వాటి నెత్తిన క్రికెట్టు. అయినా యీ కాలపు సెల్‌ఫోను మాయ వల్ల అయిదారుగురు కుర్రాళ్ళు హైదరాబాదు ఫుట్‌బాల్ జట్టును పట్టుకున్నారు. "బెంగుళూరు దగ్గర గదా నాయనా, వాళ్ళకీ మంచి జట్టే వుందిగా?" అంటే, "అది మంది జట్టు సార్, ఇది మనది," అన్నాడొకడు. రాష్ట్రాలు రెండైనా "మనది" అన్న మాటకు ఇంకా పంపకాలు జరగలేదు కాబోలు!

ఆ జట్టు కథ చిన్నదే గాని అందులో పురాణానికి సరిపడా మలుపులున్నాయి. 2019లో పుట్టింది. మొదటి సీజన్లో పద్ధెనిమిది ఆటలాడి రెండు గెలిచింది, నాలుగు సమానం చేసుకుంది, పన్నెండు ఓడింది. పది జట్లలో పదవ స్థానం. ఫిల్ బ్రౌన్ అనే ఇంగ్లీషు కోచ్ సీజన్ నడుమనే యింటికి పోయాడు. ఆల్బర్ట్ రోకా అనే స్పెయిన్ దేశస్థుణ్ణి మాట్లాడుకుంటే, ఆయన 2020లో బార్సిలోనా నుంచి పిలుపు రాగానే అటు వెళ్ళిపోయాడు. పెండ్లి పీటల మీంచి వరుడు లేచిపోయినట్టయింది. అప్పుడు వచ్చినవాడు మానొలో మార్కెజ్. మొదట అనుకున్న పేరు ఆయనది కాదన్న సంగతి గుర్తుంచుకోండి.

మార్కెజ్ చేసిన పని కుర్రకారును ఆడించడం. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి వాళ్ళను నమ్మి దింపాడు. 2020-21లో జట్టు అయిదవ స్థానానికి వచ్చింది. సెమీఫైనలు అందీ అందకుండా పోయింది. ఆ యేడు ఆడిన ఇరవై ఆటల్లో గెలిచినవి ఆరే, సమానమైనవి పదకొండు. గెలుపులు మాత్రమే లెక్కపెట్టుకునేవాడికి ఆరు పెద్ద సంఖ్య కాదు. కాని ఓడినవి మూడంటే మూడే! ఓడకుండా వుండడం నేర్చుకున్నాక గెలవడం నేర్చుకోవచ్చునన్నమాట. మరుసటి యేడు 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి కప్పు తెచ్చుకున్నారు. గోలు కాపరి లక్ష్మీకాంత్ కట్టిమణి ఆనాడు మూడు పెనాల్టీలను అడ్డుకున్నాడు. ఆ రాత్రి తంబళ్లపల్లెలో టపాకాయలు కాల్చినవాళ్ళు అయిదుగురే గాని, యాభైమంది చేసే సద్దు చేశారు.

ఆ తరువాత? 2023లో మార్కెజ్ గోవాకు వెళ్ళిపోయాడు. జట్టులో డబ్బు యెండిపోయింది. జీతాలు రాలేదు. విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ మూటలు సర్దుకున్నారు. మిగిలిన కుర్రాళ్ళతో తాంగ్‌బోయి సింగ్టో అనే మణిపూరు కోచ్ 2023-24 సీజను ముగించాడు. ఇరవైరెండు ఆటలు, ఒకే ఒక్క గెలుపు, యెనిమిది పాయింట్లు, అట్టడుగు స్థానం.

వాదం రాజుకున్నది అక్కడే. "వొకటి గెలిచినోణ్ణి యింకా పెట్టుకుంటారా?" అని ఒక పక్షం. "జీతాల్లేకుండా ఆడినోళ్ళు ఇరవైరెండు ఆటలూ ఆడినారు గదా, అదే గొప్ప," అని రెండో పక్షం. నన్ను మధ్యవర్తిగా కూచోబెట్టారు. నేను రెండో పక్షం వైపు మొగ్గాను. విత్తనాలివ్వకుండా, ఎరువివ్వకుండా కవులు రైతును పంట తక్కువైందేమని అడిగే ఆసామిని మా వైపు యెవరూ మెచ్చరు. మొదటి పక్షానికి నా తీర్పు నచ్చలేదు. ఆ టీ డబ్బులు నేనే యిచ్చుకోవలసి వచ్చింది.

2024లో యాజమాన్యం మారింది, డిసెంబరులో సింగ్టో కూడా తప్పుకున్నాడు, చిన్న జట్టుకు శిక్షణ ఇస్తున్న షమీల్ చెంబకత్ పగ్గాలు పట్టాడు. పదమూడింటిలో పన్నెండవ స్థానం. 2025లో జట్టునే మూటగట్టి ఢిల్లీకి తీసుకుపోయి పేరు మార్చేశారు. కోచ్ వుండాలా పోవాలా అని మా కుర్రాళ్ళు కొట్టుకుంటూ వుంటే జట్టే పోయింది! "మనది" అన్న కుర్రాడు ఆ పసుపుపచ్చ చొక్కా ఇప్పటికీ తొడుగుతున్నాడు. క్రికెట్టు చొక్కా అనుకుంటారు చూసినవాళ్ళు. అతడు దిద్దడు.

అదలా వుంచండి. అదే మార్కెజ్‌ను 2024లో దేశపు జట్టుకు కోచ్‌గా వేశారు. మొదటి యేడాది అటు గోవా జట్టునూ యిటు దేశపు జట్టునూ ఆయనే చూసుకున్నాడు. ఆడినవి యెనిమిది ఆటలు. గెలిచింది మాల్దీవుల మీద ఒక్కటి, నాలుగు సమానం, మూడు ఓటమి. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓడాక జూలైలో విడిపోయారు. హైదరాబాదులో మూడేళ్ళు దొరికిన మనిషికి దేశంలో యెనిమిది ఆటలు దొరికాయి. అందులో ఆయన తప్పు లేదనను. జాతీయ జట్టు పనిని సగం పనిగా పెట్టుకోవడానికి ఒప్పుకున్నవాడు ఆయనే గదా. కాని సగం పని ఇచ్చినవాళ్ళు పూర్తి ఫలం అడగడం నాకు విడ్డూరంగా తోస్తుంది.

ఇక హైదరాబాదు పేరెత్తినప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలచుకోకపోతే పాపం చుట్టుకుంటుంది. 2024లో ఆయన మీద హిందీలో సినిమా వచ్చిన దరిమిలా మా కుర్రాళ్ళకు పేరు తెలిసింది. నాకు ఆయన మీద యిష్టం మరో కారణాన. ఆయన బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చి 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిపించిన మనిషి, పగలు పిల్లలకు పాఠాలు చెప్పుకున్నవాడు! ఆయన శిక్షణ కూడా పంతులు పద్ధతే. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవాడట. కుడి వాటం వాడు ఎడమ కాలితోనే తన్నాలి. ఇంకో పోటీలో బంతిని కాళ్ళ మధ్య ఆడించుకుంటూ పోకూడదు, రాగానే పక్కవాడికి అందించాలి. వ్యాకరణంలో వెనకబడ్డవాడి చేత సంధులే పదేపదే చెప్పించే మాకు యిది కొత్త కాదు గాని, బంతాటలో యిది చేసినవాడు గొప్పవాడు.

ఆయన లెక్కలు చూడండి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో ఒకటికి పది గోల్సుతో ఓటమి. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఒకటికి పది! నేటి రోజుల్లో అయితే విమానం దిగకముందే ఉద్యోగం పోయేది. మన అదృష్టం, ఆనాడు సెల్‌ఫోన్లు లేవు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సు నాటికి జట్టు ఆయన చేతిలోనే వుంది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, సికిందరాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదు వాళ్ళు అందులో వున్నారు. ఆస్ట్రేలియాను నాలుగు-రెండుతో గెలిచారు. నెవిల్ డిసౌజా మూడు కొట్టాడు. సెమీఫైనల్లో యెదురైంది మళ్ళీ ఆ యుగోస్లావియాయే. మొదటి గోలు మనది! చివరికి ఒకటికి నాలుగుతో ఓడిపోయాం.

పట్టికలో చూస్తే అదీ ఓటమే, ఇదీ ఓటమే. కాని ప్రత్యర్థి ఒకడే, నడుమ నాలుగేళ్ళు. పది నాలుగయింది. జట్టు కట్టే పని యెట్లా సాగుతున్నదో తెలుసుకోవాలంటే నాకు తెలిసి యింతకంటె నికరమైన కొలబద్ద లేదు. గెలిచావా అని కాదు, నిన్ను చితకగొట్టినవాడే మళ్ళీ వస్తే యీసారి యెంతసేపు నిలబడ్డావు అని అడగాలి. మెల్‌బోర్న్‌లో నాలుగవ స్థానం, 1958 టోక్యోలో మళ్ళీ నాలుగవ స్థానం, 1960 రోములో ఫ్రాన్సుతో సమానంగా ఆడి కూడా మొదటి మెట్టు దాటకపోవడం. పదేళ్ళ లెక్క తీసి చూస్తే యే గుమాస్తా అయినా యెర్రసిరా గీస్తాడు. 1962లో జకార్తా. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో సున్నకు రెండుతో ఓటమి. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియా. ప్రేక్షకులు లక్షమంది, వాళ్ళు మనకు ప్రతికూలం. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను రహీం గారు వెనక వరసనుంచి ముందుకు దింపారు. ఒక గోలు ఆయనది, ఒకటి పి.కె. బెనర్జీది. రెండుకు ఒకటితో బంగారం. అప్పటికే కాన్సరు తినేస్తున్న రహీం గారు 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మనకు మళ్ళీ రాలేదు.

ఇదంతా యెందుకు తవ్వానంటే, పోయిన నెల నా దగ్గరికి ఒక ఉత్తరం పని వచ్చింది. మా వైపు ఒక వూళ్ళో, పేరెందుకు లెండి, రిటైరైన డ్రిల్లు అయివారొకాయన పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. చొక్కాలు కొనిపెట్టిన టమోటా మండీ ఆసామి వచ్చి, "అయివోరా, రెండేండ్లయింది, వొక కప్పూ రాలేదు. బెంగుళూరు నుంచి వొక పిల్లోణ్ణి పిలిపిస్తా వుండాం. పెద్దాయన మనసు నొచ్చుకోకుండా నాలుగు మాటలు రాసియ్యండి, మీది మంచి తెలుగు గదా," అన్నాడు.

తెలుగు యెం.ఏ.కు యిటువంటి ఉపయోగం కూడా వుందని చదివేటప్పుడు యెవరూ చెప్పలేదు.

"ముందటేడు యెంతతో ఓడినారు?" అన్నాను.

"యేడు-సున్న."

"యీ యేడు?"

"రెండు-సున్న. అదే టౌను పిల్లోళ్ళు."

"ముందటేడు మైదానానికి యెందరొచ్చేవాళ్ళు?"

ఆయన కాస్త ఆలోచించాడు. "తొమ్మిదిమంది. యిద్దర్ని కబడ్డీ నుంచి అరువు తెచ్చినాం."

"ఇప్పుడు?"

"ఇరవై దాటినారు," అని, నేను యెటు తోలుకుపోతున్నానో పసిగట్టి, "అయినా కప్పు రాలేదు గదా అయివోరా!" అన్నాడు.

ఉత్తరం రాసిచ్చాను. మీకు యేమేమి కావాలో తెలియజేయవలసిందని ఆ పెద్దాయనను అడిగే ఉత్తరం. ఆసామి రెండుసార్లు చదివి, "దీంట్లో పంపించే మాట యాడుంది?" అన్నాడు. అది రెండో పేజీలో వస్తుంది, సంక్రాంతి పోయినాక రాస్తానన్నాను.

జవాబు వారంలో వచ్చింది. డ్రిల్లు అయివారు చొక్కాలు అడగలేదు. రెండు బంతులు కావాలన్నాడు. శెనక్కాయ ఆరబోసే రోజుల్లో కూడా మైదానంలో సగం పిల్లలకు వదిలిపెట్టాలన్నాడు. మైదానం సంగతి ఊళ్ళో ఇంకా తేలలేదు. ఆసామి మాత్రం మదనపల్లెకు పోయి ఒక బంతి కొన్నాడు.