షాట్ రెడీ... ఏసీ ఆపండి!

ఈమధ్య యలమంచిలి దగ్గర కొబ్బరితోటలో ఓ షూటింగు చూశాను. డబ్బింగు లేదు, మాటలు అక్కడికక్కడే రికార్డింగు. ‘లగాన్’ (2001) అలా తీసిందే! పక్కనే క్యారవాన్, దాని నెత్తిన ఏసీ ఒకటే రొద. టేకుకో కుర్రాడు పరుగెత్తి తలుపు బాదడం, లోపల నడుం వాల్చిన అమ్మ పాత్రధారిణి ఉలిక్కిపడి లేచి ఏసీ కట్టేయడం!

చివరికి డ్రైవరు దానికి రిమోట్ అమర్చాడు. మన ఇళ్లలో రిమోట్ కాదండోయ్. అది కంటికి కనబడని వెలుతురుతో పనిచేస్తుంది, రేకు గోడ దాటదు. ఇది రేడియో తరంగాలది. థర్మోస్టాట్ తీగ మధ్య చిన్న రిలే పెట్టాడంతే. “ఆపినాక మూడు నిమిషాలు ఆగాల బాబూ, నేకపోతే కంప్రెసర్ పోద్ది” అన్నాడు.

రిమోట్ సౌండ్ ఇంజనీరుగారి జేబులో చేరింది. టేకు మీద టేకు... ఆపడమేగానీ మళ్లీ వేసే ధ్యాసేదీ? ఆ పెద్దావిడ చెమటలు కక్కుతూ బయటికొచ్చి, “నాయనా, అలాంటిది నాకూ ఒకటి ఇప్పించు” అన్నారు. సౌండాయన మొహం మాడిందిగానీ, నా ఓటు ఆవిడకే. మర్నాడు అనకాపల్లి నుంచి రెండో రిమోట్ వచ్చింది.