క్లస్టర్ తలనొప్పి: రోగిని నమ్మటమే తొలి సేవ

తలనొప్పి అనగానే ఒక మాత్ర, కప్పు టీ, కాసేపు నిద్ర చాలుననుకుంటాము. ఈ మాసం మేము ప్రస్తావించదలచిన తలనొప్పి ఈ మూడింటికీ లొంగదు. దీనిని వైద్యులు క్లస్టర్ తలనొప్పి అంటారు. సుమారు వెయ్యి మందిలో ఒకరికి వచ్చే వ్యాధి కనుక చాలా కుటుంబాలు దీని పేరైనా విని ఉండవు. అందువల్లనే రోగి నొప్పితో పాటు అపనిందను కూడా మోయవలసి వస్తోంది.

ఈ నొప్పి తలకు ఒక ప్రక్కనే, కంటి చుట్టూ లేదా కణతలో భరించరానంత తీవ్రంగా వస్తుంది. ఆ వైపు కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది, కనురెప్ప వాలుతుంది. 15 నిమిషాల నుండి 3 గంటల వరకు ఉండి తగ్గిపోతుంది. రోజు విడిచి రోజు మొదలుకొని రోజుకు 8 సార్ల వరకు రావచ్చు. ఇలా కొన్ని వారాలో నెలలో గుంపుగా వచ్చి, ఆపై నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి కనిపించదు. చాలామందిని నిద్రపోయిన గంట రెండు గంటలకు, ప్రతి రాత్రీ ఇంచుమించు ఒకే వేళకు లేపుతుంది. శరీరపు గడియారాన్ని నడిపే హైపోథాలమస్ అనే మెదడు భాగానికి దీనితో సంబంధముంది.

మైగ్రేన్ రోగి చీకటిగదిలో కదలక పడుకుంటాడు. ఈ రోగి పడుకోలేడు. లేచి తిరుగుతాడు, తల పట్టుకొని ఊగుతాడు, గోడకు కొట్టుకుంటాడు. తెల్లవారేసరికి మామూలుగా కనిపిస్తాడు. రాత్రి చూసినవారు జిన్ను పట్టిందంటారు, నజర్ తగిలిందంటారు. పగలు చూసినవారు పని తప్పించుకోవటానికి నటిస్తున్నాడంటారు. కొందరు సైనస్ అని, పంటినొప్పి అని భ్రమపడి ఆరోగ్యంగా ఉన్న పళ్ళు కూడా పీకించుకుంటారు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇహ్రామ్ స్థితిలో ఉండగా, తలకు ఒక ప్రక్క వచ్చిన నొప్పి కారణంగా తలపై హిజామా చేయించుకున్నారని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) ద్వారా సహీహ్ బుఖారీలో ఉంది. ఆ నొప్పి ఈ వ్యాధేనని గాని, దీనికి హిజామాయే మందని గాని మేము చెప్పటం లేదు. మనం గ్రహించవలసింది ఒక్కటే: తలనొప్పి విశ్వాస లోపానికి గుర్తు కాదు, చికిత్స కోరటం సహనానికి విరుద్ధం కాదు. దుఆ చేద్దాం, వైద్యమూ చేయిద్దాం.

బషీరాబాద్, తాండూరు ప్రాంతంలో ఎందరో నాపరాతి గనుల్లో, పాలిషింగ్ మిషన్ల వద్ద శ్రమిస్తున్నారు. రాత్రంతా నిద్రలేనివాడు పగలు రాయి కోసే యంత్రం ముందు నిలబడటం ప్రాణాపాయం. ఈ వ్యాధి ఎక్కువగా 20 నుండి 40 ఏళ్ళ మధ్య, అంటే సంపాదించే వయసులోనే మొదలవుతుంది. కూలి పోతుంది, మరుసటి రాత్రి గురించిన భయం మిగులుతుంది. కొందరికి బ్రతకాలన్న ఆశ కూడా సన్నగిల్లుతుంది. అటువంటి మాట రోగి నోట వస్తే మందలించకండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలి మానస్ 14416 నంబరుకు వెంటనే ఫోను చేయండి.

చికిత్స ఉంది. నొప్పి వేళ మాస్కు ద్వారా నిమిషానికి 12 నుండి 15 లీటర్ల స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే చాలామందికి 15, 20 నిమిషాల్లో ఉపశమనం కలుగుతుంది. సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ కూడా ఉంది, అయితే గుండెజబ్బు ఉన్నవారికి అది తగదు. నొప్పులు రాకుండా వెరాపమిల్ వాడతారు, అందుకు ఇ.సి.జి. పరీక్షలు అవసరం. ఇవన్నీ వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. ముందుగా తాండూరు ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించి, అవసరమైతే హైదరాబాద్ నిమ్స్‌లోని న్యూరాలజీ విభాగానికి వెళ్ళవచ్చు. హఠాత్తుగా పిడుగులా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవటం, కాలుచేతుల బలహీనత, చూపు తగ్గటం ఉంటే ఒక్క గంట కూడా ఆగరాదు.

కుటుంబం చేయగల పని మరొకటుంది. నొప్పి మొదలైన వేళ, ఆగిన వేళ, ఏ కన్ను ఎర్రబడిందీ ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. వీలైతే రోగి అనుమతితో ఫోనులో వీడియో తీయండి. పగలు పరీక్షించే వైద్యునికి రాత్రి సంగతి చెప్పే సాక్ష్యం అదే. పొగ త్రాగే అలవాటుంటే మాన్పించండి. రమజాన్‌లో ఈ బాధ వస్తే, రోగి ఉపవాసాలను తరువాతి దినాల్లో పూర్తిచేసుకోవచ్చునని దివ్యఖుర్ఆన్ (బఖర: 185) అనుమతించింది. అల్లాహ్ ఇచ్చిన ఆ సౌలభ్యాన్ని వాడుకున్న రోగిని ఇంట్లో ఎవరూ చిన్నచూపు చూడరాదు.

రోగిని పరామర్శించటం ముస్లింపై ముస్లింకు గల హక్కు. మన ఇంట్లోనే అర్ధరాత్రి లేచి తిరుగుతున్న వానికి ఆ హక్కు అందరికంటే ముందు చెందుతుంది. అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, వారి ఇంటివారికి కరుణగల హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.