నిద్రకు లెక్క – యువజనులకు రక్ష

యువకుని తలగడ క్రింద నేడు స్మార్టుఫోను గలదు. రాత్రి రెండు గంటలవరకు వానిని మేలుకొలుపునదియు నదియే. తెల్లవారినపిమ్మట "నీవు అయిదు గంటలే నిద్రించితి"వని లెక్క జెప్పునదియు నదియే. దొంగచేతికే తాళము లిచ్చినట్లున్నదని పెద్దలు పరిహసింతురు. పరిహాసమున సత్యము లేకపోలేదు. కాని యీ సాధనమును విమర్శింపకయే త్రోసివేయుట వివేకము గాదు.

నిద్రకును మనస్సునకును గల సంబంధము వైద్యు లెఱిగినదే. మనోవ్యాకులత నిద్రను చెఱుచును. నిద్రలేమి వ్యాకులతను పెంచును. 13 మొదలు 18 ఏండ్లవరకు గలవారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర యావశ్యకమని అమెరికా నిద్రావైద్య పరిషత్తువారు 2016 లో నిర్ణయించిరి. ఆ యీడున దేహములోని గడియారము స్వభావముచేతనే వెనుకబడి, నిద్ర ఆలస్యముగా వచ్చును. అట్టి బాలబాలికలను రాత్రి పదునొకండు గంటలవరకు చదివించి, వేకువ అయిదింటికే లేపు వసతి కళాశాలలు మన పట్టణములలో లేవని యెవ్వరనగలరు?

ఫోనులోని చలనమాపకము శరీరపు కదలికలనుబట్టి నిద్రను ఊహించును. అది ఊహయే కాని, మెదడు తరంగములను గొలుచు పరీక్ష గాదు. కదలక మేలుకొని పండుకొన్నవాడు దానికి నిద్రితుడే! లెక్క సరిగా రాలేదను బెంగచేతనే నిద్ర చెడినవారిని గూర్చి 2017 లో వైద్యులు వ్రాసి, ఆ బాధకు 'ఆర్థోసోమ్నియా' యని పేరిడిరి. అయినను, ఒక రాత్రి లెక్క తప్పినను, కొన్ని వారముల లెక్క యొక పోకడను జూపగలదు. పండుకొను వేళ నానాటికి జరిగిపోవుట, నడిరేయి పలుమారులు మేలుకొనుట—ఇవి తలిదండ్రుల కంటబడని కష్టమునకు తొలి సూచనలు కావచ్చును. తన బాధను నోట జెప్పలేని కుఱ్ఱవాడు ఆ పట్టికనైనను వైద్యునికి జూపగలడు. ఈ మేలు చిన్నది గాదు.

అయితే ఆ లెక్క యెవరి చేతిలో నుండవలెను? ప్రశ్న యిదియే. యువకుని చేతిలో నున్నచో అది యౌషధము. యాజమాన్యముల చేతిలో బడినచో కొరడా. వర్తక సంఘముల చేతిలో బడినచో సరకు. పదునెనిమిదేండ్లు నిండనివారి నడవడిని వెంటాడి గమనించుటను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము నిషేధించినది. మినహాయింపులకు మాత్రము ద్వారము తెఱచియే యున్నది. ఆ ద్వారమున నెవరు దూరుదురో మనము కనిపెట్టి యుండవలెను. తన నిద్రమీద తనకే యధికారము లేని జాతికి స్వరాజ్య మెక్కడిది?

2022 లో ఈ దేశమున ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు 13,044 మందియని జాతీయ నేర నమోదు సంస్థవారి లెక్క. విశాఖపట్టణమున నీట్ పరీక్షకు చదువుచుండిన 17 ఏండ్ల బాలిక మరణమును గూర్చిన వ్యాజ్యమున, 2025 జులై 25 న సుప్రీంకోర్టు తీర్పు జెప్పుచు, 100 గాని అంతకు హెచ్చుగాని విద్యార్థులు గల ప్రతి విద్యాలయమును అర్హుడైన మనోవైజ్ఞానిక సలహాదారుని నియమింపవలెనని యాదేశించినది. తీర్పు వెలువడినది, మన యూరి కళాశాలలో ఆ సలహాదారుని గది యెక్కడ నున్నదో తలిదండ్రులు అడిగి తెలిసికొనవలదా?

జ్వరమానితో చూచినంతనే జ్వరము దిగదు. నిద్ర చాలలేదని యంత్రము చెప్పినపిమ్మట, నిద్రించుటకు వేళ నొసగవలసినవారు మనమే. విద్యాలయములు కాలపట్టికలను సవరింపవలెను. తలిదండ్రులు మార్కులడుగుటకు ముందు "రాత్రి నిద్ర పట్టినదా, నాయనా?" యని యడుగవలెను. ఆ ప్రశ్నకు బిడ్డ కన్నీరే యుత్తరమైనచో, ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలి మానస్ వారిని 14416 అను సంఖ్యకు పిలిచి సాయము కోరుటకు సిగ్గుపడనక్కఱలేదు. లెక్కలు యంత్రము వ్రాయుగాక. బిడ్డను కాపాడవలసిన బాధ్యత మాత్రము మనది.